కోటు తాత మా ఇంటికొచ్చిన వేసవి

మొన్నొక మధ్యాహ్నం మా మనవరాలు ఫోనులో ఏదో పాత ఇంగ్లీషు హాస్య నాటిక పెట్టుకుని, మొదట్లో తెరమీద వచ్చిన నాలుగు వాక్యాలు నాకు చదివి వినిపించింది. ఇందులోని కొన్ని మాటలూ పోకడలూ ఆ కాలానివి, ఇప్పటివాళ్ళకి బాధ కలిగించవచ్చు అని దాని సారాంశం. "ఇదేంటి అమ్మమ్మా, నవ్వించడానికి తీసి, నవ్వకముందే సారీ చెప్తున్నారు?" అంది. నాకు మాత్రం నవ్వాగలేదు. అలాంటి ముందుమాట ఒకటి మా అత్తయ్య మాకెప్పుడో చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా క్యాసెట్టు పెట్టేసింది. దాంతో మా ఇంట్లో ఒక వేసవంతా రభస అయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ రభసకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అప్పుడు మేం నందిగామలో ఉండేవాళ్ళం. నాన్న జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం చేసేవాడు. పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేవాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో మా ఇంట్లో ముందు తుమ్ములు మొదలయ్యేవి. అమ్మ ఆయన చొక్కాని మా బట్టల్లో కలవనివ్వకుండా విడిగా నానబెట్టేది. వేసవి వచ్చిందంటే ఆ ఘాటుకి కోసిన మామిడికాయల జీడి వాసన, నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికెల వాసన తోడయ్యేవి. ఆ మూడూ కలిస్తే నాకు సెలవులు. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుమిరపకాయలు దంచుతుంటే, దగ్గు వచ్చేలోపల ఒక్క క్షణం నాకు పరీక్షలైపోయినంత హాయిగా ఉంటుంది.

ఇంటికి పెద్ద మా నాయనమ్మ. తెల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి సరిదిద్దుతూ ఉండేది. దారినపోయే ఆవుకి కూడా ఎటు నడవాలో చెప్పేది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు మా అత్తయ్య, పెళ్ళయ్యాక ఇంగ్లండు వెళ్ళింది. మామయ్య అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. ఆ ఏడు ఆయనకి సెలవు దొరక్క అత్తయ్య ఒక్కతే వచ్చింది. చీరల మధ్య చుట్టబెట్టి ఒక వీసీఆర్, కొన్ని క్యాసెట్లు తెచ్చింది. మా ఇంట్లో టీవీ అప్పటికే ఉంది. ఎంత ఎత్తున యాంటెన్నా కట్టినా దాంట్లో బొమ్మ కంటే చుక్కలే ఎక్కువ. అందుకని అత్తయ్య తెచ్చిన పెట్టె తగిలించి, తెరమీద మొదటిసారి మనుషుల ముక్కూ మొహం స్పష్టంగా కనిపించేసరికి వీధి వీధంతా మా హాల్లోకి దిగింది.

హాల్లో అంటే, అందరూ కాదు. నా స్నేహితురాలు మాత్రం వసారాలో, కిటికీ బయట ఉన్న అరుగు మీద కూర్చుని ఊచల్లోంచి చూసేది. మేమిద్దరం బళ్ళో ఒకే బెంచీ. వాళ్ళిల్లు ఊరి చివర పేటలో. వాళ్ళమ్మ వేసవిలో మా ఇంటికి కారం దంచడానికి వచ్చేది. ఆవిడ దంచిన కారం మా ఆవకాయ జాడీలోకి వెళ్ళేది. జాడీని మాత్రం ఆవిడ ముట్టుకోకూడదు. రోలు ముట్టుకోవచ్చు, రోకలి ముట్టుకోవచ్చు, జల్లెడ ముట్టుకోవచ్చు. జాడీ దగ్గరికొచ్చేసరికి మా అమ్మ వచ్చి అందుకునేది. వసారా గూట్లో ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేది. తల్లీ కూతుళ్ళు మంచినీళ్ళు దాంట్లోనే తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించేవాళ్ళు. పొయ్యి తూర్పున ఉన్నట్టు, బావి పడమట ఉన్నట్టు, ఆ గ్లాసు గూట్లో ఉండేది. ఎవరూ దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు.

నేను హాల్లో చోటున్నా వెళ్ళి ఆ అరుగు మీదే కూర్చునేదాన్ని. గాలి బాగా వస్తుందని అమ్మకి చెప్పేదాన్ని. అసలు సంగతి మామిడికాయ ముక్కలు. ఉప్పూ కారం అద్దిన ముక్కని పరికిణీ అంచులో పెట్టి కొరికి, కాకెంగిలి చేసి ఒకరికొకరం పెట్టుకునేవాళ్ళం. గుడ్డ అడ్డం ఉంది కాబట్టి ఎంగిలి కాదని మా శాస్త్రం. నాయనమ్మ చూసి ఉంటే ఆ శాస్త్రం చెల్లేది కాదు.

అత్తయ్య తెచ్చిన క్యాసెట్లలో మాకు అందరికంటే నచ్చినవాడు ఒక ముసలాయన. ఆ నాటిక పేరేమిటో నాకిప్పుడు గుర్తులేదు, అప్పుడైనా పట్టించుకున్నట్టు లేదు. ఆయన ఇంట్లో కూడా కోటు విప్పడు కాబట్టి మా వీధి ఆయనకి కోటు తాత అని పేరు పెట్టింది. కుర్చీలోంచి లేవకుండా ప్రపంచాన్ని తిడుతుంటాడు. భార్య టీ ఆలస్యం చేసిందంటాడు, అల్లుడు పనికిమాలినవాడంటాడు. మాకు ఇంగ్లీషు రాదు గనక అత్తయ్య టీవీ పక్కన ముక్కాలిపీట వేసుకుని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేది. చెప్పడమంటే మామూలుగా కాదు, గొంతు మార్చి మరీ చెప్పేది.

"ఏమేవ్, టీ ఎక్కడ చచ్చింది? పొద్దున్నించి నోరు పిడచకట్టుకుపోతంటే నీ ఊసుపోక కబుర్లేంది?"

హాలంతా గొల్లుమనేది. ఎదురింటావిడ తన మొగుణ్ణి మోచేత్తో పొడిచేది. వారం తిరిగేసరికి కోటు తాత మా వీధి మనిషైపోయాడు. "పాపం, ఆ ముసలాయనకి ఇంట్లో విలువ లేదే" అని నాయనమ్మ జాలిపడేది. టీవీలోంచి వచ్చే నవ్వు మాత్రం ఆవిడకి అంతుపట్టేది కాదు.

"ఎవరే ఆ నవ్వేవాళ్ళు? ఒక్కడూ కనపడడేం?"

"చూడ్డానికొచ్చిన జనం అమ్మా. మనలాగే."

"అట్టాగా. సరే అయితే." అప్పట్నించి వాళ్ళు నవ్వినప్పుడల్లా ఆవిడా నవ్వేది, సాటివాళ్ళకి తోడుండాలన్నట్టు.

ఒక మధ్యాహ్నం కొత్త క్యాసెట్టు పెట్టారు. కోటు తాత పక్కింట్లోకి ఒక కుటుంబం దిగింది. ఆ ఇంటావిడకి చీర, జడ, నుదుట బొట్టు. నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "మన పిల్లేనే! ఇంతకీ వాళ్ళు ఏమిట్లు?" అంది, కులం అడుగుతూ.

"ఇండియా వాళ్ళమ్మా."

"అది కనపడతానే ఉంది. ఏమిట్లని అడుగుతున్నా."

"అది టీవీలో చెప్పరమ్మా" అంది అత్తయ్య విసుగ్గా. ఆ రోజు అత్తయ్య గొంతు మార్చి చెప్పడం లేదని నేను గమనించాను. మాటలు తగ్గించి పొడిపొడిగా చెబుతోంది. ఆ చీరావిడ కోటు తాత ఇంటికొచ్చింది. భార్య మర్యాదగా టీ ఇచ్చింది. ఆవిడ తాగి, నవ్వి, వెళ్ళిపోయింది. తలుపు పడగానే కోటు తాత లేచాడు. ఆవిడ తాగిన కప్పుని రెండు వేళ్ళతో పట్టుకుని కుళాయి కింద తోమాడు. వాసన చూశాడు. వేడినీళ్ళు పోసి మళ్ళీ తోమాడు. చివరికి తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేశాడు.

టీవీలో జనం విరగబడి నవ్వారు. మా హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

అందరూ ఇంకా ఏదో జరగబోతోందని ఎదురుచూస్తున్నారు. నాయనమ్మ అయితే నొచ్చుకుంది. "బంగారంలాంటి పింగాణీ కప్పు, పారేయడం ఎందుకంట? విడిగా పెట్టుకుంటే సరిపోయేదిగా. తెలివితక్కువ మనిషి" అంది. ఎదురింటావిడ తలూపింది. "ఇంతకీ వాళ్ళు ఎందుకు నవ్వారే?" అని నాయనమ్మ కూతుర్ని అడిగింది.

అత్తయ్య నోరు తెరిచింది. అప్పుడు నా పక్కన, కిటికీ బయట, నా స్నేహితురాలు పకపకా నవ్వింది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక నవ్వింది. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"నీకేం అర్థమైందే అంతగా నవ్వుతున్నావ్?" అంది నాయనమ్మ.

"ఏంలేదు మామ్మగారూ. కప్పు ఏం చేసిందని?" అంది అది.

పొగరుగా అనలేదు. నిజంగా అడిగింది. ఆ మాటకి హాల్లో సగంమంది కళ్ళు వసారా గూటివైపు వెళ్ళడం నేను చూశాను. నాయనమ్మ మొహం ఎర్రబడింది. "నోరు చూడు దానికి! పిల్లకాయవి పిల్లకాయలా ఉండు. రేపట్నించి ఆ కిటికీ దగ్గర కనపడ్డావంటే ఊరుకోను" అంది. నా స్నేహితురాలు అరుగు దిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాలే గేటుదాకా పరిగెత్తాను. అది తిరిగి చూడలేదు. సెలవులైపోతే నాకు ఆ బెంచీ మీద పక్కన ఎవరుంటారన్న భయం తప్ప ఇంకేం తోచలేదు.

మర్నాడు నాన్న జి.కొండూరు వైపు నుంచి మంచి పుల్లటి కాయలు తెప్పించి, ముక్కలు కొట్టించి పంపాడు. కారం సగమే దంచి ఉంది. నా స్నేహితురాలి తల్లి రాలేదు. కబురు పంపితే ఒంట్లో బాలేదని వచ్చింది. ముక్కలు కొట్టాక ఆవకాయ ఆగదు. ఆగితే ముక్క మెత్తబడిపోతుంది, ఏడాదంతా తిట్టుకుంటూ తినాలి. నాయనమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మేం వసారాలో చాప మీద కూర్చుని, టెంకల మీది పొరలు గీకి, గుడ్డతో ముక్కలు తుడుస్తున్నాం. ఆ తుడుస్తున్నప్పుడే అత్తయ్య, తలెత్తకుండా, చెప్పడం మొదలుపెట్టింది.

"నేను కొత్తగా కాపరానికి వెళ్ళినప్పుడమ్మా, పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి పలకరించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే మైసూర్‌పాక్ చేసి పళ్ళెంలో పెట్టి ఇచ్చొచ్చా. చాలా థాంక్సంది. చెత్తబండి వచ్చే రోజు పొద్దున్నే వాళ్ళ డబ్బా మూత తెరిచి ఉంది. అందులో నా పళ్ళెం. మైసూర్‌పాక్ కూడా అట్టాగే ఉంది."

"ఏ పళ్ళెం?" అంది నాయనమ్మ.

"జగ్గయ్యపేట స్టీలు కొట్లో కొని, నా పేరు చెక్కించి ఇచ్చావే. అది."

నాయనమ్మ చేతిలో ముక్క జారి పళ్ళెంలో పడింది. ఆవిడ కూతురి పెళ్ళికి కొన్న ప్రతి గిన్నె మీదా దగ్గరుండి పేరు చెక్కించింది. కొట్టువాడు అక్షరం వంకర పెడితే మళ్ళీ చెక్కమని కూర్చుందని అమ్మ చెప్పేది. ఇప్పుడావిడ లేచి నిలబడి, ఎన్నడూ చూడని ఆ ఇంగ్లండు మనిషిని తిట్టడం మొదలుపెట్టింది. దాని జిమ్మడిపోను, దాని చేతులు పడిపోను, నా కూతురు చేత్తో చేసింది పారేస్తుందా, అదేం పుట్టుక పుట్టింది, దానికి వండిపెట్టే దిక్కులేకుండా పోను అంటూ ఊపిరి తీసుకోకుండా తిట్టింది. అత్తయ్య ఆపలేదు. అంతా అయ్యేదాకా కూర్చుంది. తర్వాత వసారా గూటివైపు చూసింది. నాయనమ్మ కూడా చూసింది.

"అది వేరు" అంది నాయనమ్మ.

"ఏం వేరమ్మా?"

"వేరంటే వేరు."

"మరి ఆ దిక్కుమాలిన క్యాసెట్టు ఎందుకు తెచ్చావే ఇంత దూరం?" అంది అమ్మ, మాట మారుద్దామని. అత్తయ్య కాసేపు ముక్కలు తుడిచింది. "ఆ పళ్ళెం సంగతి నేను మీ అన్నయ్యగారికి కూడా చెప్పలేదొదినా. సిగ్గేసింది. తర్వాతెప్పుడో టీవీలో ఆ ముసలాయన కప్పు పారేశాడు. అంతమంది నవ్వారు. నన్ను చూసి కాదు, ఆయన్ని చూసి. అప్పుడు మొదటిసారి ఊపిరాడింది నాకు" అంది. ఇంకో ముక్క అందుకుని, "మర్నాడు బస్సులో ఇద్దరు కుర్రాళ్ళు ఆయన మాటే నా మొహమ్మీద అని నవ్వుకున్నారు. ఆయన్ని చూసి నవ్వినోళ్ళు కొందరు, ఆయనతో కలిసి నవ్వినోళ్ళు కొందరు. మనింట్లో ఎట్టా చూస్తారో అనుకుంటా తెచ్చా" అంది.

నాయనమ్మ లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత గొడుగు పట్టుకుని బయటికొచ్చింది. "కారం కోసం వెళ్తున్నా. ఇంకెందుక్కాదు" అని, అడగకుండానే చెప్పింది. అత్తయ్యా నేనూ వెంట నడిచాం.

నాయనమ్మ పేటలోకి నడిచి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. పేటవాళ్ళూ చూసినట్టు లేదు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి నిలబడుతున్నారు. నా స్నేహితురాలి ఇంట్లో ఎండుచేపల కూర ఉడుకుతోంది. ఆ ఇంటి తల్లికి ఒంట్లో బాగానే ఉంది. కంగారుగా నులకమంచం వాల్చి, కొంగుతో దులిపింది. "పిల్ల వద్దంటంది పెద్దమ్మగారూ. నువ్వు పనికెళ్తే నేను అన్నం తిననంటంది" అని నిజం చెప్పేసింది. పిల్ల గోడకానుకుని నిలబడి ఉంది. నావైపు కూడా చూడటం లేదు.

నాయనమ్మ మంచం మీద కూర్చుంది. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చి ఉంటుంది. గొడుగు ముడిచింది. మళ్ళీ విప్పింది. చివరికి, "ఎండన పడి వచ్చా. కాసిని మంచినీళ్ళియ్యండే" అంది.

"మా ఇంట్లోయా అమ్మగారూ?" అంది తల్లి.

"మీ ఇంటికొచ్చి ఎవరింట్లోవి తాగుతా?"

నా స్నేహితురాలే వెళ్ళి కుండలో స్టీలు గ్లాసు ముంచి తెచ్చింది. నాయనమ్మ అందుకుంది. తల పైకెత్తి, గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుంది. ఆవిడ ఎవరింట్లోనైనా అలాగే తాగుతుంది, మా పెళ్ళిళ్ళలో కూడా. కానీ ఆ రోజు తొందరపడిందో ఏమో, పొలమారింది. మామూలుగా కాదు. దగ్గు ఆగటం లేదు, కళ్ళు తేలేసింది, గొంతులోంచి గాలి రాని చప్పుడు. అత్తయ్య "అమ్మా" అని కెవ్వుమంది.

నా స్నేహితురాలు ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చి, అరచేత్తో నాయనమ్మ నడినెత్తిన తట్టడం మొదలుపెట్టింది. "చిరంజీవ చిరంజీవ. ఎవరో తలుచుకుంటన్నారు మామ్మగారూ, ఎవరో తలుచుకుంటన్నారు" అంటూ, ఎవరికి పొలమారినా ఎవరైనా చేసేట్టే, తడుతూ ఉంది. రెండో చేత్తో వీపు రాసింది. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కూతురు ఎవరి నెత్తిన చెయ్యి వేసిందో చూసి. నాయనమ్మకి నెమ్మదిగా ఊపిరి తిరిగింది. ఆ చెయ్యి ఇంకా ఆవిడ తలమీదే ఉంది. ఆవిడ తీసెయ్యమనలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "నన్నెవరు తలుచుకుంటారే. నా కూతురే పొద్దున్నించీ తిట్టుకుంటంది" అంది. అందరం నవ్వాం.

లేచి వెళ్ళబోతూ నా స్నేహితురాలితో, "నిన్న నువ్వన్నదానికి నాకు కోపమొచ్చింది. ఇంకా ఉంది. సాయంత్రం బొమ్మకి రా" అంది.

కారం ఆ పూటే దంచారు. ఆవకాయ చెడలేదు. సాయంత్రం నా స్నేహితురాలు వచ్చి మామూలుగా అరుగు ఎక్కబోతుంటే అత్తయ్య లోపలికి పిలిచింది. అది గుమ్మం దాటి చాప మీద కూర్చుంది. ఎదురింటావిడ నాయనమ్మ మొహంలోకి చూసింది. నాయనమ్మ టీవీలోకి చూస్తూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా ఇంట్లో అప్పటికి చిన్న సంగతి కాదు. నేను మామిడికాయ ముక్క దానికి నేరుగా చేతికిచ్చాను, పరికిణీ అంచు అడ్డం పెట్టడం మర్చిపోయి.

అత్తయ్య వెళ్ళిపోయింది, క్యాసెట్లకి బూజు పట్టింది, ఆ ఇల్లూ ఇప్పుడు లేదు. నాయనమ్మ పూర్తిగా మారిందని చెబితే అబద్ధమవుతుంది. గూట్లో గ్లాసు ఆ తర్వాత కూడా ఉంది. అది తీసేసింది మా అమ్మ, చాలా తర్వాత, ఎవరికీ చెప్పకుండా. అయినా ఆ ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను. తన సిగ్గుని సముద్రాలు దాటించి మోసుకొచ్చి మా ముందు పెట్టిన అత్తయ్యకి. వంగటం రాని నడుముతో పేటదాకా నడిచిన నాయనమ్మకి. అందరికంటే ఎక్కువ, ఆ తర్వాత కూడా నా పక్కన బెంచీ మీద కూర్చున్న నా స్నేహితురాలికి. దానికి నా పక్కన కూర్చోవాల్సిన అవసరమేమీ లేదు. కూర్చుంది కాబట్టి నేనీపాటి మనిషినయ్యాను.

అది జగ్గయ్యపేటలో టీచరుగా చేసి రిటైరైంది. మొన్న మనవరాలు ఆ వాక్యాలు చదివిన సాయంత్రమే దానికి ఫోను చేశాను. ఈ మాటలన్నీ చెప్పాను. అంత అవమానం జరిగిన మర్నాడే నాయనమ్మ తలమీద చెయ్యి వెయ్యడానికి నీకెంత మనసుండాలే, అన్నాను. అటువైపు కుక్కరు కూత వేసింది. దాన్ని కట్టేసి వచ్చి తీరిగ్గా అంది.

"మనసూ లేదు గినసూ లేదే తల్లీ. ఆవిడకి ఊపిరాడటం లేదు. పక్కనున్నది నేనేగా."